ఐదొందల వరసల జ్ఞాపకం

2022 జూలై రెండో వారం. భద్రాచలంలో ఎవరు ఎదురుపడినా ఒకటే పలకరింపు: "ఎంత ఉంది?" ఒంట్లో ఎలా ఉందని కాదు, గోదావరి ఎన్ని అడుగులుందని. 43 దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ఈ మూడంకెలు మా ఊళ్లో ఎక్కాల కంటే ముందు నోటికొస్తాయి. ఆ వారం మూడూ దాటిపోయి నీళ్లు ఇంకా పైకే వస్తున్నాయి.

నేనప్పుడు ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్లు చూసుకునేవాణ్ని. కింది అంతస్తులో పాత డబ్బా ఒకటి ఉండేది. దానికి ఉబుంటు వేసి సర్వర్ అని గౌరవంగా పిలుచుకునేవాళ్లం. ఎనిమిదేళ్ల లెక్కలు, స్కాన్ చేసిన కాగితాలు అన్నీ దాని రెండో డిస్కులోనే. కరకట్ట ఉందిలే అన్న ధైర్యం సడలాక, సాయంత్రం ఒక బయటి డిస్కు తగిలించి కాపీ మొదలుపెట్టాను. మూడు టెర్మినల్ కిటికీలు తెరిచి ఉన్నాయి. అందులో ఒకటి తెరిచి ఇరవై రోజులైంది, మూయడం నాకు అలవాటు లేదు. ఆర్‌సింక్‌తో మొత్తం కాపీకి ఒక కమాండ్ ఇచ్చాను. అది నత్తనడక నడుస్తుంటే మధ్యలో ఆపాను. స్కాన్ ఫైళ్లను మినహాయించి ఇంకో ఫోల్డర్‌లోకి ఇంకో కమాండ్ ఇచ్చాను. తర్వాత మళ్లీ మొదటిదాన్ని అందుకున్నాను, అదీ ఏదో మార్పు చేసి. రాత్రి పదకొండుకి కరెంటు పోయింది. యూపీఎస్ పేరుకే ఉంది, బ్యాటరీ ఎప్పుడో చచ్చింది.

చీకట్లో డిస్కు పీక్కుని, డబ్బాని ఇద్దరం పట్టుకుని మేడ మీదికి చేర్చాం. జూలై 16న గోదావరి 71.3 అడుగులకు చేరింది. నది తగ్గి, బురద కడిగి, రెండు వారాల తర్వాత మిషన్ వెలిగిస్తే సిస్టమ్ డిస్కు బతికింది, లెక్కల డిస్కు బతకలేదు. ఫర్వాలేదు, కాపీ ఉందిగా అనుకుని బయటి డిస్కు తగిలించాను. రెండు ఫోల్డర్లు. పేర్లు దాదాపు ఒకటే, సైజులూ అటూ ఇటూగా అంతే. ఏది ఏ కమాండ్‌తో వచ్చింది? ఏది మధ్యలో ఆగింది? టెర్మినల్ తెరిచి పై బాణం నొక్కాను. జూన్ నెల కమాండ్లు వచ్చాయి. ఇంకోసారి నొక్కితే అంతకంటే పాతవి. ఆ వారం నేను టైపు చేసిన ఒక్క అక్షరం కూడా లేదు.

లినక్స్ వాడే ఎవరికైనా ఒక నమ్మకం ఉంటుంది, తాము చేసినదంతా ఎక్కడో నమోదవుతోందని. నమోదవుతుంది, కాకపోతే దాని నియమాల ప్రకారం. ఆ నియమాలు పెట్టినవాళ్లకు మా వైపు కరెంటు సంగతి తెలియదు.

అసలు ఏం జరుగుతుందో చూద్దాం. మీరు వాడే షెల్ చాలావరకు బాష్ అయి ఉంటుంది. బ్రయన్ ఫాక్స్ గ్నూ ప్రాజెక్టు కోసం రాస్తే 1989లో బయటికొచ్చింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి చెట్ రేమీ దాన్ని చూసుకుంటున్నారు. టైపు చేసిన కమాండ్లను గుర్తుపెట్టుకుని తిరిగి పిలవడమనే ఆలోచన అంతకుముందే, 1970ల చివర్లో, బర్క్‌లీలో బిల్ జాయ్ రాసిన సీ షెల్‌లో వచ్చింది. మీరు ఎంటర్ కొట్టిన ప్రతి కమాండ్‌నూ బాష్ మెమరీలో దాచుకుంటుంది. షెల్‌ని మూసేటప్పుడు ఆ జాబితాను మీ హోమ్ ఫోల్డర్‌లో డాట్ బాష్ హిస్టరీ అనే ఫైల్లోకి ఎక్కిస్తుంది. మూసేటప్పుడు మాత్రమే. ఎగ్జిట్ కొట్టినా, కిటికీ మూసినా రాస్తుంది. కరెంటు పోతే ఆ రాసే అవకాశమే దానికి రాదు. నా ఇరవై రోజుల కిటికీ ఇరవై రోజుల జ్ఞాపకాన్ని అలాగే ఒళ్లో పెట్టుకుని పోయింది.

లెక్కను ఎప్పటికప్పుడు రాయించుకోవడం మా అమ్మను చూసి నేర్చుకోవాల్సింది. మాది దుమ్ముగూడెం వైపు. ఏప్రిల్, మే నెలలొస్తే బీడీలు చుట్టే తునికాకు సీజన్. తెల్లవారుజామునే అడవికి పోయి ఆకు కోసి, ఇంటికొచ్చి యాభై ఆకులకో కట్ట కట్టి, సాయంత్రానికి కల్లానికి మోస్తారు. అక్కడ నేల మీద కట్టల్ని వరసలు వరసలుగా పేరుస్తారు, ఆకు అలాగే ఆరాలి. కల్లేదారు వరసల వెంట నడుస్తూ లెక్కపెట్టి కార్డులో రాస్తాడు. మా అమ్మ అక్కణ్నుంచి కదిలేది కాదు. కల్లేదారు ఎవరితోనైనా మాటల్లో పడితే, "ముందు రాయి తమ్ముడూ, తర్వాత మాట్లాడుకో" అనేది. అతను నవ్వుతూనే, "నీ కట్టలు ఎక్కడికీ పోవులే అక్కా" అనేవాడు. "కట్టలు పోవు, లెక్కే పోతది" అనేది మా అమ్మ.

ఇప్పుడు ఊహించుకోండి. కల్లేదారు రోజూ నోటిలెక్క వేసుకుని, సీజన్ ఆఖరి రోజున అందరి లెక్కా ఒకేసారి పుస్తకంలో ఎక్కిస్తానన్నాడు. ఒప్పుకునే మనిషి ఆ కల్లంలో ఒక్కరైనా ఉంటారా? బాష్ విషయంలో మనం దానికే ఒప్పుకుని కూర్చున్నాం. పైగా ఒప్పుకున్నట్టు మనకే తెలియదు.

మార్చడం పది నిమిషాల పని. మీ హోమ్ ఫోల్డర్‌లో డాట్ బాష్‌ఆర్‌సీ అనే ఫైలు ఉంటుంది, ప్రతి కొత్త టెర్మినల్ తెరిచినప్పుడు బాష్ దాన్ని చదువుకుంటుంది. కింద చెప్పేవన్నీ ఆ ఫైలు చివర రాయాల్సిన లైన్లు. చివర అని ఎందుకంటున్నానంటే, ఉబుంటు, డెబియన్‌లలో ఆ ఫైలు మొదట్లోనే ఇవే పేర్లతో కొన్ని లైన్లు ముందే ఉంటాయి, తర్వాత రాసిందే చెల్లుతుంది. ఈ పుస్తకంలో కమాండ్లను తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను, మీరు కీబోర్డు మీద ఇంగ్లిషు అక్షరాల్లో కొట్టాలి. హిస్ట్ అని ఎక్కడ కనిపించినా అది హెచ్, ఐ, ఎస్, టి అనే నాలుగు అక్షరాలు. సమానం గుర్తుకు ముందు వచ్చే పేర్లన్నీ పెద్దక్షరాల్లో ఉండాలి, సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ ఉండకూడదు. ఈ ఖాళీ దగ్గర పడినంతమంది ఇంకెక్కడా పడరు.

మొదటిది అన్నిటికంటే ముఖ్యం:

ప్రాంప్ట్_కమాండ్="హిస్టరీ -ఏ"

ప్రాంప్ట్ కనిపించే ముందు, అంటే ప్రతి కమాండ్ పూర్తయ్యాక, బాష్ ఈ పని చేస్తుంది: కొత్తగా చేరిన వరసను అప్పటికప్పుడు ఫైల్లో చేర్చేస్తుంది. ముందు రాయి తమ్ముడూ అన్నట్టే. దీన్ని పెట్టుకున్నాక కూడా ఒక చిన్న గడువు ఉంటుందని గుర్తుంచుకోండి. ఫైల్లో రాసినది వెంటనే డిస్కు మీదికి చేరదు, కెర్నల్ కాసేపు మెమరీలోనే ఉంచుకుంటుంది. దాదాపు అర నిమిషం లోపు పూర్తయిన కమాండ్, ఇంకా నడుస్తూనే ఉన్న కమాండ్ కరెంటుతో పాటు పోవచ్చు. అర నిమిషం పోతే గుర్తుంటుంది, ఇరవై రోజులు పోతేనే గుర్తుండదు.

రెండోది:

షాప్ట్ -ఎస్ హిస్ట్‌అపెండ్

ఇక్కడ షాప్ట్ అంటే ఎస్, హెచ్, ఓ, పి, టి, అన్నీ చిన్నక్షరాలే. పాత ఫైలు మీద తిరగరాయకుండా చివర చేర్చమని చెప్పడం. ఉబుంటులో ఇది ముందే ఉంటుంది, మిగతా చోట్ల ఉంటుందని నమ్మకం పెట్టుకోవద్దు. రెండు మూడు కిటికీలు తెరిచి పనిచేసేవాళ్లకు ఇది లేకపోతే, ఒకదాని లెక్కను ఇంకొకటి చెరిపేసే ప్రమాదం ఉంది.

ఆ తర్వాత పరిమాణం. బాష్ తనంతట తాను గుర్తుంచుకునేది 500 వరసలు. ఉబుంటులో మెమరీకి 1000, ఫైలుకి 2000 అని పెట్టి ఇస్తారు. రోజుకి వంద కమాండ్లు కొట్టే మనిషికి 2000 అంటే ఇరవై రోజులు. డిస్కు కొనడానికి ఆస్తులమ్మే రోజుల్లో ఈ పిసినారితనానికి అర్థం ఉండేదేమో. లక్ష వరసలు రాసినా ఫైలు ఐదారు మెగాబైట్లకు మించదు, ఫోన్‌లో మీరు తీసిన ఒక్క ఫొటో అంత. కాబట్టి:

హిస్ట్‌సైజ్=50000
హిస్ట్‌ఫైల్‌సైజ్=100000

మొదటిది మెమరీలో ఎన్ని, రెండోది ఫైల్లో ఎన్ని. ఇక్కడ ఒక్క జాగ్రత్త. రెండోదానికి విలువ ఇచ్చిన క్షణంలోనే బాష్ ఫైలును ఆ కొలతకు కత్తిరించేస్తుంది. "చూద్దాం ఏమవుతుందో" అని 10 ఇచ్చి చూశారంటే ఆఖరి పది వరసలే మిగులుతాయి, మిగతాది తిరిగి రాదు. సున్నాలు లెక్కపెట్టుకుని ఎంటర్ కొట్టండి. ఉబుంటు, డెబియన్‌లలో డాట్ బాష్‌ఆర్‌సీ మొదట్లో ఉన్న 2000 లైనును కూడా తీసేయండి, లేకపోతే కొత్త టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ మీ లైను దాకా రాకముందే అది ఫైలును 2000కి కత్తిరిస్తుంది. ఫైలును ముందే ఇంకో పేరుతో కాపీ చేసి పెట్టుకుంటే మరీ మంచిది.

ఇక తేదీ సంగతి. దీని దగ్గర కాసేపు ఆగుతాను.

భద్రాచలంలో పాత ఇళ్ల గోడల మీద నీటి గీతలు కనిపిస్తాయి. ఇక్కడిదాకా వచ్చిందని యజమాని చెయ్యెత్తి చూపిస్తాడు. ఏ ఏడాది అంటే ఒక్కోసారి ఇంట్లోనే రెండు మాటలొస్తాయి. తాతది ఒక లెక్క, మనవడిది ఇంకో లెక్క. ఊరంతా మాట్లాడుకునే లెక్కకు మాత్రం ఈ తగువు లేదు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 1990లో 70.8, 2022లో 71.3. నది కొలబద్ద దగ్గర ఎవరో వానలో నిలబడి గంట గంటకీ అంకెతో పాటు వేళ కూడా రాశారు కాబట్టే ఇవాళ నీళ్లు పెరుగుతుంటే, అప్పుడు ఇన్ని గంటల్లో ఇంత పెరిగింది, ఇప్పుడెంత అని పోల్చుకోగలుగుతున్నాం. గోడ మీది గీత కూడా నిజమే చెబుతుంది. ఎప్పటి నిజమో చెప్పదు.

బాష్ హిస్టరీ మామూలుగా గోడ గీతే. ఏం కొట్టారో ఉంటుంది, ఎప్పుడో ఉండదు. దానికి ఈ లైను:

హిస్ట్‌టైమ్‌ఫార్మాట్="%ఎఫ్ %టీ "

ఎఫ్, టీ రెండూ పెద్దక్షరాలే, చివరి ఉటంకింపు గుర్తుకు ముందు ఒక ఖాళీ ఉంచండి, లేకపోతే సమయమూ కమాండూ అతుక్కుపోతాయి. ఇక హిస్టరీ అని కొడితే ప్రతి వరస ముందు సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను కనిపిస్తాయి. ఫైల్లో మాత్రం అవి పౌండు గుర్తు (#) తర్వాత ఒక పొడుగాటి అంకెగా ఉంటాయి. 1970 జనవరి 1 నుంచి గడిచిన సెకన్ల లెక్క అది. ఫైలు తెరిచి చూసి, ఏదో చెత్త చేరిందని వాటిని తుడిచేయకండి. నాకు తెలిసిన కుర్రాడొకడు శుభ్రం చేస్తున్నానని అదే పని చేశాడు.

ఇందులో ఒక మోసం కూడా ఉంది, ముందే చెప్పడం నయం. ఈ లైను పెట్టకముందు చేరిన వరసలకు తేదీ ఉండదు కదా. బాష్ వాటిని ఖాళీగా వదలదు. ఫైలును చదివిన సమయాన్నే వాటన్నిటికీ తగిలిస్తుంది. ఆరునెలల కిందటి కమాండ్లన్నీ ఇవాళ పొద్దున 9 గంటల 12 నిమిషాలకు మీరు కొట్టినట్టు కనిపిస్తాయి. వందలాది వరసలకు ఒకే సెకను కనబడితే అది తేదీ కాదని గ్రహించండి. ఈ పని ఇవాళ చేస్తే ఇవాళ్టి నుంచే లెక్క మొదలు, నిన్నటికి గోడ గీతే గతి.

ఇక ఏది రాయకూడదో చెప్పే లైను:

హిస్ట్‌కంట్రోల్=ఇగ్నోర్‌బోత్

విలువ చిన్నక్షరాల్లో. దీనికి రెండు అర్థాలు. వరసగా ఒకే కమాండ్ రెండుసార్లు కొడితే ఒక్కసారే రాయమనడం ఒకటి. ఖాళీతో మొదలయ్యే కమాండ్‌ను అసలు రాయొద్దనడం రెండోది. ఈ రెండోదాని విలువ ఒక పాస్‌వర్డ్‌ను పొరపాటున కమాండ్ వరసలో కొట్టిన రోజున తెలుస్తుంది. మా జిల్లాల్లో చాలాచోట్ల ఒక కంప్యూటర్, ఒకే లాగిన్, నలుగురు మనుషులు. మీరు మధ్యాహ్నం భోజనానికి వెళ్తే ఇంకొకరు ఆ కుర్చీలో కూర్చుని పై బాణం నొక్కుతారు. మీ డేటాబేస్ పాస్‌వర్డ్ అక్షరం పొల్లు పోకుండా తెర మీద నిలబడుతుంది.

ముందు ఖాళీ వదిలితే ఫైల్లోకి ఎక్కదు. అంతకంటే మంచి పద్ధతి, పాస్‌వర్డ్‌ను కమాండ్‌లో అసలు రాయకపోవడం. మైఎస్‌క్యూఎల్‌లో మైనస్ పి అని ఊరుకుంటే అదే అడుగుతుంది, అప్పుడు టైపు చేసినది తెర మీదా కనిపించదు, హిస్టరీలోనూ చేరదు. కమాండ్‌లోనే రాస్తే హిస్టరీ ఒక్కదాంట్లోనే కాదు, అది నడిచేటప్పుడు ప్రాసెస్‌ల జాబితాలో కూడా బయటపడే వీలుంది. ఇప్పటికే ఎక్కిపోయిందా? హిస్టరీ అని కొట్టి ఆ వరస నంబరు చూసుకోండి. హిస్టరీ -డి, పక్కన ఆ నంబరు. ఆ తర్వాత హిస్టరీ -డబ్ల్యూ. మొదటిది మెమరీలోంచి తీసేస్తుంది, రెండోది మెమరీలో ఉన్నదాన్నే ఫైలు మీద తిరగరాస్తుంది. మిగతా కిటికీలు కొత్తగా ఏమైనా రాసి ఉంటే అవి పోతాయి కాబట్టి ముందు అన్ని కిటికీలూ మూసేసి, కొత్తగా తెరిచిన ఒక్క కిటికీలోనే ఈ పని చేయండి. ఇదంతా అయ్యాక పాస్‌వర్డ్ కూడా మార్చండి. మరక తుడిచాం కదా అని ఊరుకోవద్దు, ఎవరు చూశారో మీకు తెలియదు.

హిస్ట్‌కంట్రోల్ లైనుకు ఇంకో విలువ ఉంది, ఎరేజ్‌డూప్స్. ఒక కమాండ్ మళ్లీ కొడితే పాతవాటిని వెతికి చెరిపేసి కొత్తదాన్నే ఉంచుతుంది. జాబితా పొందిగ్గా కనిపిస్తుందని చాలామంది మెచ్చుకుంటారు. నాకు నచ్చదు. 2022లో నీళ్లు వచ్చాయని 1990 గీతను చెరిపేస్తామా? మార్చిలో ఒకసారి, జూలైలో ఇంకోసారి అదే కమాండ్ కొట్టారంటే, ఆ రెండుసార్లు అన్నదే మీకు కావలసిన సమాచారం కావచ్చు. పైగా ఒక వరస మధ్యలోంచి మాయమైతే దాని ముందూ వెనకా ఉన్నవాటికి అర్థం చెడుతుంది.

హిస్ట్‌ఇగ్నోర్ అని ఇంకోటుంది. ఎల్ఎస్, పీడబ్ల్యూడీ లాంటి కమాండ్లను రాయొద్దని దానితో చెప్పొచ్చు. వాటి వరకు సరే. కొందరు ఆ జాబితాలో సీడీని కూడా చేరుస్తారు, అది మాత్రం చేయకండి. సీడీ లేకపోతే, ఆ తర్వాత మీరు కొట్టిన చెరిపివేత కమాండ్ ఏ ఫోల్డర్‌లో నడిచిందో ఎవరు చెప్పాలి? ఖమ్మం నుంచి వచ్చే బస్సు ఎప్పుడెప్పుడు ఆగిందో రాసి, ఏ రూట్లో వచ్చిందో రాయకపోవడమే అవుతుంది. 

అన్ని కిటికీల హిస్టరీనీ ఒకదాంట్లో కలిపేసే చిట్కా కూడా మీకు ఎవరో ఒకరు చెబుతారు. ప్రతి ప్రాంప్ట్‌కీ ఫైలు మొత్తం మళ్లీ చదివించడం అన్నమాట. నేను నెల రోజులు వాడి మానేశాను. ఒక కిటికీలో పై బాణం నొక్కితే ఇంకో కిటికీలో కొట్టిన కమాండ్ వచ్చి నిలబడుతుంది. చూడకుండా ఎంటర్ కొట్టే చేతికి అది ప్రమాదం. ఫైల్లో అన్నీ కలిసి ఉండాలి, చేతికింద మాత్రం ఏ కిటికీది ఆ కిటికీకే ఉండాలి. ఇదే జాగ్రత్తతో ఇంకో లైను:

షాప్ట్ -ఎస్ హిస్ట్‌వెరిఫై

ఆశ్చర్యార్థకం గుర్తుతో పాత కమాండ్లను పిలిచే అలవాటు ఉన్నవాళ్లకు ఇది. రెండు ఆశ్చర్యార్థకాలు కొడితే వెనకటి కమాండ్ మళ్లీ నడుస్తుంది. ఒక ఆశ్చర్యార్థకం పక్కన ఆర్ఎమ్ అని కొడితే ఆర్ఎమ్‌తో మొదలైన చివరి కమాండ్ నడుస్తుంది. ఏం చెరుపుతుందో మీరు చదివే లోపే చెరిపేస్తుంది. ఈ లైను పెడితే కమాండ్‌ను ముందు తెర మీదికి తెచ్చి ఆగుతుంది. మీరు చదివి, రెండోసారి ఎంటర్ కొడితేనే నడుస్తుంది.

ఫైలు సేవ్ చేసి, సోర్స్ అని కొట్టి పక్కన ఆ ఫైలు పేరు ఇవ్వండి, లేదా కొత్త టెర్మినల్ తెరవండి. సర్వర్ల పని చేసేవాళ్లు ఇదంతా రూట్ యూజర్‌కి కూడా విడిగా చేసుకోవాలి. సుడో -ఐ కొట్టి లోపలికెళ్తే అక్కడి హిస్టరీ వేరు, అక్కడి ఫైలూ వేరు. ప్రమాదకరమైన పనులన్నీ అక్కడే చేసి, లెక్క మాత్రం ఇక్కడ చక్కగా ఉందని సంతోషించే వాళ్లను చూశాను. వాళ్లలో నేనూ ఒకణ్ని.

రాసుకున్నది దొరకాలి కూడా. కంట్రోల్ పట్టుకుని ఆర్ నొక్కి, గుర్తున్న ముక్క టైపు చేయండి. వెనక్కి వెతుక్కుంటూ పోతుంది, అదే కలయిక మళ్లీ నొక్కితే ఇంకా వెనక్కి. దాటిపోతే ముందుకు రావడానికి కంట్రోల్, ఎస్ అని ఉంది. కానీ చాలా టెర్మినళ్లలో అది తెరను బిగదీసేస్తుంది. మిషన్ ఆగిపోయిందనుకుని పవర్ బటన్ మీదికి పోకండి, కంట్రోల్, క్యూ నొక్కితే వదులుతుంది. ఎస్‌టీటీవై -ఐఎక్స్ఆన్ అనే లైను డాట్ బాష్‌ఆర్‌సీలో పెడితే ఆ బాధే ఉండదు.

నేను వరద తర్వాత నేర్చుకున్న అలవాటు ఒకటుంది, పై లైన్లన్నిటికంటే ఇదే నాకు ఎక్కువ అక్కరకొచ్చింది. ముఖ్యమైన కమాండ్ చివర ఒక ఖాళీ వదిలి, పౌండు గుర్తు పెట్టి, ఎందుకు చేస్తున్నారో రెండు ముక్కలు రాయండి. పౌండు తర్వాత ఉన్నదాన్ని బాష్ పట్టించుకోదు, హిస్టరీలో మాత్రం దాస్తుంది. నేను తెలుగు మాటలనే ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తాను: వరద కాపీ, స్కాన్లు లేవు. ఇలా కొడితే ఆరునెలల తర్వాత కంట్రోల్, ఆర్ నొక్కి వరద అని వెతికినా చాలు. కమాండ్ పేరు, ఆప్షన్లు మర్చిపోతాం. ఎందుకు చేశామో అంత తొందరగా మర్చిపోం. సగం కొట్టిన కమాండ్‌ను ఆపి ఇంకో పని చూసుకోవాల్సి వస్తే ఆల్ట్ పట్టుకుని పౌండు నొక్కండి. దాని ముందు పౌండు పెట్టి, నడపకుండా హిస్టరీలో దాచేస్తుంది.

హిస్టరీని మరీ నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. నలుగురూ వాడే లాగిన్‌లో ఎవరు కొట్టారో అది చెప్పదు. ఎవరైనా ఏ వరసనైనా చెరిపేయొచ్చు. ఇంకొకరి ముందు పెట్టి రుజువు చేయడానికి పనికిరాదు, మన గుర్తు కోసమే. భద్రాచలంలో ఉండి లెక్కల గురించి మాట్లాడుతూ కంచర్ల గోపన్నను తలచుకోకుండా ఎలా? పాల్వంచ పరగణా తహసీల్దారు, శిస్తు సొమ్ము ఇక్కడి రాముడి గుడికి ఖర్చయిందని గోల్కొండ చెరసాలలో పడ్డాడు. అక్కడ కూర్చుని ఏ నగకి ఎంత అయిందో రాముడికే కీర్తనలో ఏకరువు పెట్టాడు. లెక్క ఆయనకు కంఠతా ఉంది. అడిగినవాడికి అది సరిపోలేదు. పై అధికారికి చూపించాల్సిన పని చేస్తుంటే హిస్టరీ ఉందిలే అనుకోకుండా, ఏం చేశారో ఒక మామూలు ఫైల్లో, తేదీ వేసి, మీ మాటల్లో రాసుకోండి. నేను శనివారం సాయంత్రాలు కూర్చుని ఆ వారం హిస్టరీ చూసుకుంటాను. మూడుసార్లు కనిపించిన పొడుగాటి కమాండ్‌ను తీసి స్క్రిప్టుగా మార్చుకుంటాను. పావుగంట పడుతుంది.

ఈ అధ్యాయం చదివి పుస్తకం మూసేవాళ్లలో సగం మంది రేపు చేద్దామనుకుంటారని నాకు తెలుసు. తీరిక లేకపోతే ఒక్క ప్రాంప్ట్ కమాండ్ లైనైనా ఇప్పుడు పెట్టండి, కరెంటు ఉండగానే. మిగతావి తర్వాత పెట్టుకోవచ్చు.

ఆ బయటి డిస్కు ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంది. అందులో రెండు ఫోల్డర్లు. ఏది పూర్తి కాపీయో నాకింకా తెలియదు.